పంచనామా చదివిన రోజు

నా చిన్నప్పుడు మా గల్లీలోకి పోలీసు జీపు వచ్చిందంటే, జీపు చప్పుడు కంటే ముందు తలుపులు మూసుకునే చప్పుడు వినిపించేది. అది ఎవరి కోసం వచ్చిందో తెలుసుకోవాలని అందరికీ ఉండేది. కాకపోతే కిటికీ సందులోంచి తెలుసుకోవాలని ఉండేది. అప్పటికి మేముండే దిల్‌సుఖ్‌నగర్ దాదాపు ఊరి చివర. ఎల్బీనగర్ వైపు కాస్త దూరం పోతే ద్రాక్షతోటలు కనిపించేవి. ఇప్పుడు అదే దారి మీద మెట్రో తిరుగుతోంది, నేను ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాను.

పోలీసులంటే భయం మాకు పాలతో పాటే పట్టారు. అన్నం తినకపోతే పోలీసుకు పట్టిస్తామనేవారు, నిద్రపోకపోతే పోలీసును పిలుస్తామనేవారు. మా గల్లీలో సగం మంది మాలాగా నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, సగం మంది కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. పప్పుచారులో బెల్లం వేయాలా వద్దా అన్న దగ్గర నుంచి ఒక్క విషయంలోనూ రెండు పక్షాలకూ పొత్తు కుదిరేది కాదు. ఒక్క మాట మీద మాత్రం అందరూ ఏకమయ్యేవారు. పోలీసోళ్ళకూ వకీళ్ళకూ ఇల్లు కిరాయికి ఇయ్యద్దని మావాళ్ళనేవారు, పోలీసులకూ ప్లీడర్లకూ ఇల్లు అద్దెకివ్వకూడదండీ అని వాళ్ళనేవారు.

మా తాతయ్య దారి మాత్రం వేరు. ఆయన నల్గొండ కోర్టులో బంట్రోతుగా పనిచేసి రిటైరయ్యాడు. వాయిదాకు వచ్చినవాళ్ళ పేర్లను వరండాలో నిలబడి గట్టిగా పిలవడం ఆయన పని. అన్నేళ్ళు పేర్లు పిలిచిన గొంతు కాబట్టి ఇంట్లో మంచినీళ్ళు అడిగినా పక్క గల్లీకి వినిపించేది. చదువంతా నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. పొద్దున్నే ఉర్దూ పేపరు ముందేసుకుని కూర్చునేవాడు. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదని ఇంట్లో అందరికీ తెలుసు. కరెంటు బిల్లు వచ్చినా, పెళ్ళి పత్రిక వచ్చినా నన్ను పిలిచి చదివించుకునేవాడు. నేను ఐదో తరగతి. ఆ పని నాకు మహా గొప్పగా ఉండేది.

మా పక్కింట్లో కోస్తా వాళ్ళుండేవారు. ఆ ఇంటావిడను నేను అత్తయ్యగారు అనేదాన్ని. మనిషి చెడ్డది కాదు గానీ లెక్క మనిషి. స్టీలు చెంచా మీద కూడా తన పేరు చుక్కలతో చెక్కించుకునేది. ఆవిడ కూతురే మా పక్కింటి అక్క. కాలేజీలో ఇంటర్ చదివేది, నాకు జడలు వేసేది, నా లెక్కల నోటు దిద్దేది. ఆ ఇంట్లో అంట్లు తోమి, బట్టలుతికి పోయే ఆమెను గల్లీ పిల్లలమంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమెది కూడా నల్గొండ వైపే. మొగుడు లేడు. కొత్తపేట దారిలో ఉన్న గుడిసెల్లో ఒక్కతే ఉండేది. నెలకో రెణ్ణెల్లకో ఊరి నుంచి తమ్ముడు వచ్చి చూసిపోయేవాడు.

ఒకసారి పెద్దమ్మకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పనికి రాలేదు. అత్తయ్యగారికి కోపం వచ్చింది. జ్వరం నిజమో కాదో ఎవరు చూడొచ్చారని, వచ్చేదాకా ఎవరూ కబురు పంపక్కర్లేదని అంది. నాలుగో రోజు సాయంత్రం అక్క నన్ను పెరటి గోడ దగ్గరకు పిలిచింది. ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టి, పెద్దమ్మకు ఇచ్చిరమ్మని, అమ్మకు మాత్రం చెప్పొద్దని అంది. అందులో మెత్తగా వండిన అన్నం, మిరియాల చారు కలిపి ఉన్నాయి. మూతలో ఒక నిమ్మకాయ ఊరగాయ ముక్క. నా నోట్లో నువ్వు గింజ నానదని మా అమ్మ తిట్టేది. అలాంటిది అక్కకు మాటిచ్చాను కాబట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ గుడిసె ముందు గోనె మీద కూర్చుని ఉంది. డబ్బా తీసుకుని నా తల మీద చెయ్యి పెట్టింది. నేను పరిగెత్తుకుంటూ వచ్చేశాను.

తర్వాత ఆమె లేచి పనికొచ్చింది. అక్క ఎవరిదో పెళ్ళికని అమ్మమ్మగారి ఊరికి పోయింది. అక్క వెళ్ళిన వారానికి అత్తయ్యగారింట్లో వెండి గ్లాసు కనపడలేదు. అక్క చిన్నప్పుడు పాలు తాగిన గ్లాసది. రెండు రోజులు ఇల్లంతా వెతికారు. మూడో రోజు అత్తయ్యగారు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని అనడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో మొగుడూ కూతురూ కాక ఇంకెవరు తిరుగుతారో చెప్పనక్కర్లేదు. నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నే జీపు వచ్చింది.

హెడ్ కానిస్టేబులూ, ఒక కానిస్టేబులూ దిగారు. పెద్దమ్మ ఇంట్లో సోదా చెయ్యాలి, దానికి ఇద్దరు పంచులు కావాలి అన్నాడు హెడ్డు. పంచులంటే సోదాలో ఏం దొరికిందో కళ్ళారా చూసి, పోలీసులు రాసిన పంచనామా కాగితం కింద సంతకం పెట్టే సాక్షులు. గల్లీలో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. ఒకాయన తల మీద నీళ్ళు పోసుకుంటున్నానని లోపలి నుంచే అరిచాడు, ఇంకొకాయన ఆదివారం పూట డ్యూటీ ఉందన్నాడు. కిరాణా దుకాణం ఆయనకు మాత్రం తప్పలేదు. దుకాణం తలుపు మూయడం గిన్నె మూత పెట్టినంత తేలిక కాదు కదా. రెండో మనిషిగా మా తాతయ్య చెప్పులేసుకుని తనంతట తనే వెళ్ళి నిలబడ్డాడు. మా నాయనమ్మ తల కొట్టుకుంది. కోర్టులో ముప్పై ఏళ్ళు చేసింది చాలదా అని ఆమె బాధ.

నేను ఇంట్లోనే ఉన్నాను. పోలీసులు పెద్దమ్మ గుడిసెకు పోయారని విన్నప్పుడే నాకు డబ్బా గుర్తొచ్చింది. అది అక్కడే ఉందా, తిరిగొచ్చిందా అన్నది నాకు తెలియదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నన్ను ఏమీ అడగకముందే నేను బియ్యం బస్తా వెనక దాక్కున్నాను. గంట తర్వాత బయట తాతయ్య గొంతు వినిపించింది. నన్నే పిలుస్తున్నాడు. రెండోసారి పూర్తి పేరుతో పిలిచాడు, కోర్టులో పిలిచినట్టే. ఇక దాక్కోవడం కుదరలేదు.

బయట మా వసారాలో హెడ్డు కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద మీసాలు, ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితాలు. కిరాణా ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్యగారు వాళ్ళ గుమ్మంలో ఉంది. పెద్దమ్మ మా మెట్ల కింద నేల మీద కూర్చుని ఉంది, ఆమె పక్కన కానిస్టేబులు. ఆమె పక్కనే మట్టిలో ఆ స్టీలు డబ్బా. వెండి గ్లాసు దొరకలేదు. దొరికింది ఈ డబ్బా. దాని మీద అత్తయ్యగారి పేరు చుక్కలతో చెక్కి ఉంది కాబట్టి ఇంకేమీ అడగనక్కర్లేదని అందరూ అనుకున్నట్టున్నారు. డబ్బా తీసిన చెయ్యి గ్లాసు తియ్యదా?

తాతయ్య విషయం చెప్పాడు. కాగితం హెడ్డు సారు గుడిసె దగ్గరే రాశాడట. కిరాణా ఆయన ఎక్కడ పెట్టాలని అడిగి, చూపించిన చోట సంతకం పెట్టేశాడట. తనకు తెలుగు చదవరాదు గనుక ఎవరైనా చదివి వినిపిస్తే గానీ పెట్టనని తాతయ్య అన్నాడట.

"నేను సదివి ఇనిపిస్తనంటిని గద పెద్దమనిషీ," అన్నాడు హెడ్డు విసుగ్గా.

"రాసింది మీరు, సదివేది మీరు, ఇగ నేనెందుకు సారూ నడుమ? మా మనవరాలు సదువుతది," అన్నాడు తాతయ్య.

హెడ్డు కాగితం నా చేతికిచ్చాడు. నేను కింద చూస్తే పెద్దమ్మ తల వంచుకుని ఉంది. నా వైపు చూడలేదు. నేను చదవబోతుండగా హెడ్డు ఆమెను డబ్బా సంగతి మళ్ళీ అడిగాడు, బహుశా మా అందరి ముందూ ఒప్పించాలని. చిన్నమ్మ, అంటే అక్క, పంపిందని ఆమె చెప్పింది. మా అమ్మాయి నాకు తెలియకుండా గడ్డిపరక కూడా ఎవరికీ ఇవ్వదండీ అంది అత్తయ్యగారు.

"పంపితే ఇన్నొద్దులు నీ ఇంట్ల ఎందుకున్నది? తిరిగియ్యనీకి చేతులు లేవా?" అన్నాడు హెడ్డు.

"ఖాళీ డబ్బ ఎట్లియ్యాలె సారూ? మా తమ్ముడు ఊరికెళ్ళి పెసలు తెస్తనన్నడు. పోసి ఇద్దామని తోమి పెట్టిన," అంది పెద్దమ్మ.

కానిస్టేబులు నవ్వాడు. కిటికీల వెనక ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరు కూడా నవ్వి ఉండరని నా నమ్మకం. ఏదైనా పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది వాళ్ళందరికీ తెలుసు. మా ఇంట్లోనూ అంతే, అత్తయ్యగారింట్లోనూ అంతే. ఏమీ లేకపోతే కాస్త చక్కెరైనా వేసి ఇచ్చేవాళ్ళం. గింజలు వచ్చేదాకా పేదమనిషి గిన్నెను ఆపుకుందంటే అది దొంగతనం కాదని ఏ ఇల్లాలైనా చెప్పగలదు. చెప్పాలంటే తలుపు తియ్యాలి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

నేను చదవడం మొదలుపెట్టాను. మొదట తారీఖు, తర్వాత పంచుల పేర్లు, తండ్రుల పేర్లు. ఇలాంటి తెలుగు నేనెప్పుడూ చూడలేదు. మనిషిని మనిషనకుండా 'సదరు నిందితురాలు' అని రాశారు. గుడిసెను కూడా 'సదరు గృహము' అన్నారు. తర్వాత ఇలా ఉంది: 'పంచులమైన మా సమక్షమున సోదా చేయగా, సదరు నిందితురాలు దొంగిలించి తెచ్చి, ఎవరికిని కనపడకుండా గూటిలో దాచిపెట్టిన స్టీలు డబ్బా ఒకటి దొరికినది.' నా కళ్ళు నోటి కంటే ముందు పోయాయి. ఏం రాబోతోందో చూసి, 'దొంగిలించి తెచ్చి' అన్న మాటలు మింగేసి మిగతాది గబగబా చదివేశాను.

"ఎవరికి కనపడకుండనా?" అన్నాడు తాతయ్య హెడ్డుతో. "తలుపు తియ్యంగనే ఎదురుంగ కనపడ్డది గద సారూ. గూట్ల ఉన్నది నిజం. దాచిపెట్టింది నేను జూడలె."

"గట్లనే రాస్తం తాతా. అది రివాజు."

"రివాజు మీది. సంతకం నాది," అని తాతయ్య నా వైపు తిరిగాడు. "నువ్వు నడుమ ఒక ముక్క ఇడిసిపెట్టినవ్ బిడ్డా. మల్ల సదువు."

తెలుగు చదవడం రాని మనిషికి నేను వదిలేసిన ముక్క ఎలా తెలిసిందో ఆ క్షణంలో నాకు తోచలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. ఆ మాటల దగ్గరకు వచ్చి ఆగాను. సదువు, అన్నాడు తాతయ్య. కోపంగా కాదు, గట్టిగానూ కాదు. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు. చదివితే ఆ మాట నా నోటి మాటవుతుంది. చదవకపోతే ఎందుకు చదవలేదో చెప్పాలి. హెడ్డు మీసాలు, బెల్టు, కానిస్టేబులు చేతిలో లాఠీ, అన్నీ నాకు చాలా దగ్గరగా ఉన్నట్టనిపించాయి.

"దొంగిలించలె," అన్నాను. "డబ్బ నేనే ఇచ్చిన."

ఆ తర్వాత ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. నన్ను పట్టుకుపోతారని, అక్కను కూడా పట్టుకుపోతారని అనుకున్నాను. హెడ్డు కుర్చీలోంచి లేచి, నా ఎత్తుకు వంగి, డబ్బాలో ఏమేమున్నాయని అడిగాడు. అన్నం, మిరియాల చారు అన్నాను. ఇంకా? మూతలో నిమ్మకాయ ముక్క అన్నాను. ఆయన అత్తయ్యగారి వైపు తిరిగాడు.

"ఆ రోజు నిమ్మకాయ జాడీ మూత తీసి ఉందని మా అమ్మాయిని నేనే కేకలేశాను," అంది, ఎవరూ అడగకుండానే. అబద్ధం చెప్పే మనిషి కాదావిడ, అంత మాత్రం ఒప్పుకోవాలి. పెద్దమ్మ చెప్పినప్పుడు నమ్మలేదు, నిమ్మకాయ ముక్క చెప్పినప్పుడు నమ్మింది.

హెడ్డు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. మూసి ఉన్న తలుపుల వైపు చూస్తూ, అందరికీ వినపడేలా అన్నాడు.

"పొద్దటి సంది ఈ గల్లీల ఇంటింటికి తిరిగిన. ఈమె ఎసుంటి మనిషని అడిగితే ఒక్కరు నోరిప్పలె. మాకేం తెల్వదు, మేం జూడలె, గిదే మాట. మీరు జెప్పకపోతే మేం మాకు తోచింది రాస్తం. రాసినంక పోలీసోళ్ళు అబద్ధాలు రాస్తరంటరు."

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించి కూడా చెప్పాలి. గుడిసె తలుపు తియ్యకముందే ఆయన దగ్గర ఆ వాక్యం తయారుగా ఉంది. ఎవరి ఇంట్లో ఏం దొరికినా 'ఎవరికిని కనపడకుండా దాచిపెట్టిన' అనే రాసేవాడేమో. అలాగని దుర్మార్గుడనలేను. నన్ను కసరలేదు. పెద్దమ్మ మీద అప్పటిదాకా చెయ్యి చేసుకోలేదని తాతయ్య చెప్పాడు. స్టేషనుకు పోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, తెలియనిది చెప్పను.

పాత కాగితం అడ్డంగా కొట్టేసి హెడ్డు కొత్తది రాశాడు. నేను చెప్పింది రాశాడు, అత్తయ్యగారు చెప్పింది రాశాడు. నేను మళ్ళీ చదివాను, ఈసారి ఒక్క ముక్క మింగలేదు. తాతయ్య కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం పెట్టాడు. కిరాణా ఆయన రెండోదాని మీద కూడా చదవకుండానే పెట్టాడు. జీపు వెళ్ళిపోయింది. పెద్దమ్మ లేవబోతే మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, మెట్టు పట్టుకుని లేచింది. మా అమ్మ చెంబుతో నీళ్ళిస్తే నిలబడే తాగింది. ఆమె పొద్దుటి నుంచి నీళ్ళు తాగలేదన్న సంగతి మాకెవరికీ అప్పటిదాకా తోచలేదు. అప్పుడు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అంతా అయ్యాక, ఆమె అలాంటిది కాదని మాకు ముందే తెలుసు అని గల్లీ అంతా అంది.

వెండి గ్లాసు ఏమైందో ఇప్పటికీ తెలియదు. అక్క ఊరి నుంచి వచ్చి తల్లితో వారం రోజులు మాట్లాడలేదు. అత్తయ్యగారు తానే రెండుసార్లు గుడిసెకు పోయి పనికి రమ్మని పిలిచింది. పెద్దమ్మ రానని అనలేదు. వస్తానని చెప్పి వేరే ఇళ్ళలో పని చూసుకుంది.

తాతయ్యకు తెలుగు చదవడం వచ్చునని నాకు పదో తరగతిలో గాని తెలియలేదు. నేను రాసిన ఉత్తరంలో ఒక తప్పు చూపించి దొరికిపోయాడు. కోర్టులో అన్నేళ్ళు పనిచేసి, రాజ్యం మారి కాగితాలన్నీ మారాక, తెలుగు నేర్చుకోకుండా ఎలా ఉంటాననుకున్నావని నవ్వాడు. మరి రాదని ఎందుకు చెప్పేవాడివంటే, నువ్వు చదువుతుంటే బాగుంటుందన్నాడు. అప్పుడు ఆ ఆదివారం గురించి అడిగాను. నేను డబ్బా పట్టుకుని కొత్తపేట వైపు పోవడం ఆయన ఆ సాయంత్రం చూశాడట. మరి తానే చెప్పొచ్చు కదా!

"నువ్వు డబ్బ పట్టుకపోవుడు జూసిన. ఎవరిచ్చిండ్రో, ఎవరికిచ్చినవో నేను జూడలె. చూడంది నేనెట్ల జెప్త?" అన్నాడు. ఇంట్లోకి పిలిచి నన్ను మెల్లగా అడగొచ్చు కదా అంటే, "నాకు జెప్పి ఏం లాభం? కాగితం రాసేటోనికి జెప్పాలె," అన్నాడు.

ఆ మాటతో నేను చాలాకాలం తాతయ్య మీద అలిగాను. పదేళ్ళ పిల్లను పోలీసు ముందు నిలబెట్టాడని నా ఉక్రోషం. నాకే మనవలు పుట్టాక ఆ అలక పోయింది. వాళ్ళను నేను అలా నిలబెట్టగలనా అంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

మా అపార్ట్‌మెంటులో ఇప్పుడు తలుపులు మూసుకునే చప్పుడు వినిపించదు, అవి ఎప్పుడూ మూసే ఉంటాయి. ఎక్కడైనా ఎవరినైనా పట్టుకున్నారంటే చాలు, ఫోన్‌లో మా బ్లాకు గ్రూపు నిండిపోతుంది. విచారణ దేనికి, నడిరోడ్డు మీద కాల్చిపారేయాలని పొద్దున ఒకాయన రాస్తాడు. సాయంత్రం చలానా పడితే పోలీసులంతా దొంగలేనని అదే మనిషి రాస్తాడు. పోయిన ఏడాది మా గేటు ముందు ఒక స్కూటరును కారు గుద్దేసి పోయింది. బాల్కనీల్లోంచి చూసినవాళ్ళు చాలామందే. ఠాణా నుంచి మనిషి వచ్చి అడిగితే మేం చూళ్ళేదండీ అన్నవాళ్ళు, మేం జూడలె అన్నవాళ్ళు, ఎవరి యాసలో వాళ్ళు చెప్పారు. నేను కారు రంగు చూశాను, నంబరు చూడలేదు. చూసిన రంగు వరకు చెప్పి, రాసింది చదివి సంతకం పెట్టాను. అందులో గొప్పేమీ లేదు. ఇంటికొచ్చాక తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను.

ఇదంతా చెప్పాను గానీ, ఆ ఆదివారం తర్వాత వారంలో జరిగిన ఒక సంగతి చెప్పలేదు. స్కూలు నుంచి వస్తుంటే పెద్దమ్మ ఎదురుపడింది. నెత్తిన నీళ్ళ బిందె ఉంది. నేను తప్పించుకుపోదామని రోడ్డు దాటబోతే ఆమే పిలిచింది. నాకు ఒక్కటే అనుమానం, అది వారం నుంచి నిద్ర పట్టనివ్వడం లేదు. డబ్బా ఇచ్చింది నేనని ఆమెకు తెలుసు. చిన్నమ్మ పంపిందని చెప్పిన మనిషి, తెచ్చింది ఫలానా పిల్ల అని ఎందుకు చెప్పలేదు? ఒక్క మాటతో ఆమె గుడిసె దగ్గరే బయటపడేది. అదే అడిగాను.

"చిన్న పోరివి," అంది పెద్దమ్మ. "నీ పేరు జెప్తే పోలీసోళ్ళు నిన్ను పిలుస్తరు. జడుసుకుంటవ్ గద బిడ్డా."

బిందె సర్దుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను.

నేను బియ్యం బస్తా వెనక దాక్కున్నంతసేపూ ఆమె నా భయానికి కాపలాగా మట్టిలో కూర్చుంది. ఆ సంగతి తెలిసి యాభై ఏళ్ళు దాటింది. పోలీసులంటే నాకు ఇప్పటికీ భయమే, అది పోలేదు, ఇక పోదు. కానీ దాక్కోబోయే ముందు, నా బదులు బయట ఎవరు కూర్చోవలసి వస్తుందో ఒకసారి చూస్తాను.